తక్కువ వెల బేస్ గిటారునకు క్రొత్త పికప్



భౌతికశాస్త్రమునందు విద్యుదయస్కాంత ప్రేరణ మను పాఠమును చదివినప్పుడు, దాని ప్రయోజన మెక్కడనో దూరముననున్న విద్యుత్కేంద్రములకే పరిమితమని మీలో ననేకులు తలంతురు. అది ప్రతి ఆదివారమును మీ కన్నులయెదుటనే పనిచేయుచున్నది. నేడు తెలుగు నాట అనేక సంఘములలో కీర్తనలకు హార్మోనియము, తబలా, డోలకులతోపాటు కీబోర్డును, బేస్ గిటారును వాయించుచున్నారు. ఆ బేస్ గిటారు తంతుల క్రింద అమర్చిన నల్లని చిన్న పెట్టెకు పికప్ అని పేరు. పైన చెప్పిన పాఠమంతయు ఆ పెట్టెలో నిమిడియున్నది.

తక్కువ వెలకు దొరకు బేస్ గిటారు సరిగా పలుకనప్పుడు కొందరు దానిని పనికిరానిదని మూలబెట్టుదురు. మఱికొందరు కారణ మారయకయే క్రొత్త పికప్ కొని బిగింతురు. ఈ రెండును ధనమును వ్యర్థపరచు మార్గములే. ముందు పరీక్ష, పిమ్మట వ్యయము: ఇదియే యీ వ్యాసము బోధింపగోరు సంగతి.

1. పికప్ ఎట్లు పనిచేయును?

పికప్ పైకప్పును తీసి చూచినచో లోపల ముఖ్యముగా రెండు వస్తువు లుండును. ఒకటి అయస్కాంతము, రెండవది దాని చుట్టును చుట్టిన రాగితీగ. ఆ తీగ తలవెండ్రుకవలె సన్నమైనది. సాధారణముగా దాని వ్యాసము సుమారు 0.063 మిల్లీమీటరు. చుట్టునకు చుట్టు తగిలి విద్యుత్తు అడ్డదారి పట్టకుండ దానికి ఎనామెలు పూత యుండును. ఇట్టి తీగను వేలకొలది చుట్లు చుట్టుదురు.

తంతి ఉక్కుతో చేయబడినది. అయస్కాంతము చేరువ నుండుటచే ఆ తంతియు కొంత అయస్కాంత గుణమును పొందును. వ్రేలితో మీటగా తంతి కంపించును. కంపించునపుడు తీగచుట్ట గుండ పోవు అయస్కాంత అభివాహము హెచ్చుచు తగ్గుచు నుండును. ఆ మార్పు తీగచుట్టలో స్వల్పమైన వోల్టేజిని పుట్టించును. తంతి సెకనునకు ఎన్ని మారులు కంపించునో విద్యుత్తును అన్ని మారులే ఆందోళన మొందును. బేస్ గిటారు నాల్గవ తంతి సెకనునకు 41.2 మారులు, మూడవది 55 మారులు, రెండవది 73.4 మారులు, మొదటిది 98 మారులు కంపించును. పికప్ నుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి బలహీనమైనది. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరునకు పంపును. స్పీకరు పికప్ చేయు పనికి విలోమమైన పనిని చేయును. పికప్ కదలికను విద్యుత్తుగా మార్చగా, స్పీకరు విద్యుత్తును కదలికగా మార్చి మనకు వినిపించును.

పికప్ మైకువంటిది కాదని దీనివలన గ్రహింపుడు. మైకు గాలిలోని శబ్దమును గ్రహించును. పికప్ గ్రహించునది ఉక్కుతంతి కదలికను మాత్రమే. నైలాను తంతి నెంత గట్టిగా మీటినను ఇట్టి పికప్ పలుకదు.

ఈ నియమమును కనుగొన్న మహనీయుడు మైకేల్ ఫారడే. 1831 అక్టోబరు 17వ తేదీని ఆయన యొక తీగచుట్టలోనికి అయస్కాంతపు కడ్డీని చొప్పించుచు, వెలికి తీయుచు, ఆ కదలిక వలన విద్యుత్తు పుట్టుటను చూచెను. ఆయన కమ్మరి కుమారుడు. బాల్యమున పుస్తకములకు అట్టలు కట్టు దుకాణములో పని నేర్చుకొనుచు, అచ్చటికి వచ్చిన గ్రంథములను చదివి శాస్త్రజ్ఞానము నార్జించెను. లండను నగరమందలి యొక చిన్న క్రైస్తవ సంఘమున పెద్దగా సేవచేసెను. అయస్కాంతము కదలక యూరకున్నప్పుడు విద్యుత్తు పుట్టదు. కదలికయే ప్రధానమని ఆయన ప్రయోగము తెలిపెను.

2. నేటి రూప మెట్లు వచ్చెను?

అమెరికా దేశమున జార్జి బీచమ్ అను వాద్యకారుడు 1930వ దశకారంభమున గిటారునకు అయస్కాంత పికప్‌ను సిద్ధపరచెను. 1937లో దానికి పేటెంటు లభించెను. ఆనాటి మేళములలో మంద్రస్వరమునకు నిలువుగా నుంచి వాయించు పెద్ద డబుల్ బేస్ వాడుకలో నుండెను. దానిని మోసికొనిపోవుట కష్టము, దాని నాదము సందడిలో మునిగిపోవుట సామాన్యము. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నగరమున రేడియోలు బాగుచేయు వృత్తిలో నుండి వాద్యనిర్మాతయైన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అను విద్యుద్వాద్యమును విపణికి తెచ్చెను. వీణకువలె దీని దండికి మెట్లుండుటచే స్వరము నిశ్చితముగా పలుకును. అందుచేతనే దానికా పేరు కలిగెను. గిటారు వాయింప నేర్వకయే ఫెండరు ప్రపంచమంతట వ్యాపించిన గిటారులను నిర్మించుట గమనింపదగినది.

1957లో ఆయన పికప్‌ను రెండు ముక్కలుగా విడదీసెను. ఒక ముక్క మూడవ, నాల్గవ తంతుల క్రిందను, వేరొకటి మొదటి, రెండవ తంతుల క్రిందను ఉండును. ఇందలి ప్రయోజన మేమన, మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తములు కలది. గోడలోని తీగలు, దీపములు, ట్రాన్స్‌ఫార్మరులు పికప్ చుట్టలో 50, 100 ఆవృత్తముల రొదను పుట్టించును. నాల్గవ తంతిని మూడవ మెట్టుపై నొక్కి మీటగా వచ్చు స్వరము 49 ఆవృత్తములు, మొదటి తంతి 98. అనగా రొదయు స్వరమును ఇంచుమించు ఒకే స్థానమున నుండును. కావున టోను మరను త్రిప్పి యీ రొదను తీసివేయ జూచిన స్వరమే పోవును.

దీనికి ఫెండరు పన్నిన యుపాయ మిది. రెండు చుట్టలలో ఒకదానిని వేరొకదానికి విరుద్ధదిశలో పలుకునట్లు కలిపి, వాని అయస్కాంత ధ్రువములను గూడ తలక్రిందులు చేసెను. గదిలోని రొద రెండు చుట్టలయందును విరుద్ధముగా పుట్టి పరస్పరము రద్దగును. ప్రతి తంతియు తన క్రిందనున్న చుట్టలోనే ప్రధానముగా పలుకుటచే స్వరము మాత్రము నిలుచును. 1960లో రెండు పికప్‌లుగల జాజ్ బేస్ వచ్చినది. నేడు అంగళ్లలో తక్కువ వెలకు దొరకు బేస్ గిటారులలో పెక్కు ఈ రెంటిలో నొకదానికి అనుకరణములే.

3. తక్కువ వెల పికప్‌లో లోపము లేవి?

వెల తగ్గింపవలెనన్న నిర్మాత యెచ్చటనో పొదుపు చేయక తప్పదు. కొన్ని చవుక పికప్‌లలో చుట్ట నడుమ మామూలు ఉక్కు ముక్కలుంచి, క్రింద సెరామిక్ అయస్కాంతపు బద్ద నంటించెదరు. పాత పద్ధతిలో అల్యూమినియము, నికెలు, కోబాల్టు, ఇనుము కలిపి చేసిన ఆల్నికో కడ్డీలనే చుట్ట నడుమ నిలుపుదురు. రెంటి నాదమును వేరుగా నుండును. అయినను సెరామిక్ అయినంత మాత్రమున పికప్ చెడ్డదని చెప్పరాదు. ఎక్కువ వెలగల పికప్‌లలోను దానిని వాడుదురు.

చుట్టను కరగిన మైనములో నానబెట్టుట రెండవ సంగతి. మైనము లేనిచో వదులుగానున్న తీగలు పెద్ద శబ్దమునకు తామే కంపించి, యాంప్లిఫయరు కీచుమని యరచును. మూడవది కవచము. పికప్, మరలు అమర్చిన గుంటలకు రాగిరేకు గాని విద్యుద్వాహకమైన రంగు గాని పూయకున్న బయటి రొద లోనికి చొచ్చును. నాల్గవది, వాల్యూము మరలు నాసిరకమువైన త్రిప్పినపుడు గరగరమనును.

చుట్టల సంఖ్య హెచ్చిన కొలది నాదము బలముగా వచ్చును. అయితే తారధ్వని యందలి స్పష్టత తగ్గును. కావున అత్యంత బలమైన పికప్పే యుత్తమమని భ్రమింపకుడు.

4. డబ్బు వెచ్చించుటకు ముందు చేయవలసిన పరీక్షలు

మొదటిది, తంతులు. చెమట, దుమ్ము, తుప్పు పట్టిన తంతి యెంత మంచి పికప్‌పైనను మొద్దుగానే పలుకును. క్రొత్త తంతులు వేసి వినుడు.

రెండవది, పికప్ ఎత్తు. దాని యిరుప్రక్కల నుండు మరమేకులను త్రిప్పి పైకి గాని క్రిందికి గాని జరుపవచ్చును. తంతిని కడపటి మెట్టుపై నొక్కిపట్టి, తంతి అడుగునకును అయస్కాంతమునకును నడుమ సుమారు 2 మొదలు 3 మిల్లీమీటరుల యెడముంచి వాయించి చూడుడు. మిక్కిలి దగ్గరైన అయస్కాంతము తంతిని లాగి శ్రుతిని చెఱచును. మిక్కిలి దూరమైన నాదము క్షీణించును.

మూడవది, కేబులు. వేరొక కేబులుతో, వేరొక యాంప్లిఫయరుతో వాయించి చూడుడు. చిన్న స్పీకరులు 41 ఆవృత్తముల మంద్రస్వరమును సరిగా పలుకలేవు. ఆ దోషమును పికప్‌పై మోపరాదు.

నాల్గవది, నేలతీగ. తంతులను చేతితో తాకగానే రొద తగ్గునేని గుఱ్ఱమునకు పోవు నేలతీగ సరిగానే యున్నదని తెలియును. తాకగా రొద హెచ్చునేని టంకము ఊడినదేమో చూడవలెను.

దండి వంకర, మెట్ల అరుగుదల, బిరడల జారుదల మొదలగువానిని ఏ పికప్పును సరిచేయలేదు. ఇవి యున్నచో ముందు వానినే బాగుచేయింపవలెను.

5. ఒక ఉదాహరణము

మన గాయక బృందము వాడు బేస్ గిటారు రెండు ముక్కల పికప్ గల తక్కువ వెల వాద్యము. ఒక యేడు క్రిస్మస్ కార్యక్రమమునకు కొలది వారముల ముందు దానికి రెండు దోషములు కనబడెను. మూడవ, నాల్గవ తంతులు వినీ వినబడకుండెను. మునుపు లేని రొద యొకటి బయలుదేరెను. క్రొత్త వాద్యము కొనవలెననియు, బృందమందలి ప్రతి విద్యార్థియు ఇంటినుండి చందా తేవలెననియు మాట వచ్చినది. ఆ విద్యార్థుల తల్లిదండ్రులలో పెక్కురు దినకూలిపై జీవించువారు. చందా తేలేనివారు సిగ్గుపడి బృందమునే విడుతురేమో యను భయము కలిగెను. కావున పదవ తరగతి విద్యార్థులు కొందరు ముందు కారణమును వెదకుటకు పూనుకొనిరి.

వారి తర్కము వినదగినది. కేబులు, యాంప్లిఫయరు, వాల్యూము మర నాలుగు తంతులకును ఉమ్మడివి. దోష మందున్నచో నాలుగు తంతులును సమముగా బలహీనపడవలెను. రెండే బలహీనపడినవి. కావున దోషము ఆ రెంటికి మాత్రమే సంబంధించిన చోట నుండవలెను. అట్టివి మూడు: ఆ తంతులు, ఆ వైపు పికప్ ఎత్తు, ఆ తంతుల క్రింది చుట్ట. తంతులు మార్చిరి, గుణము లేదు. ఎత్తు సరిచేసిరి, స్వల్పమే గుణము. ఇక మిగిలినది చుట్ట.

ప్రయోగశాలలోని మల్టీమీటరుతో చుట్టల నిరోధమును కొలిచిరి. మొదటి రెండు తంతుల చుట్ట సుమారు 5,200 ఓములు చూపెను. వేరొకటి సుమారు 400 ఓములు మాత్రమే చూపెను. లోపల ఎనామెలు పూత చెడి, తీగకు తీగ తగిలి లఘువలయ మేర్పడినదని స్పష్టమయ్యెను. చుట్లలో అధికభాగము పనిచేయనందున ఆ రెండు తంతులు పలుకలేదు. రొద మాట యేమి? రెండు చుట్టలును సమముగా నున్నప్పుడే రొద రద్దగునని పైన చెప్పితిమి. ఒక చుట్ట మూగవోగా రెండవదాని రొదను ఎదుర్కొనునది లేకపోయినది. రెండు లక్షణములకును కారణ మొక్కటే!

అప్పుడు నిస్సందేహముగా క్రొత్త పికప్ జతను తెప్పించిరి. దాని వెల క్రొత్త వాద్యపు వెలలో కొలది భాగము మాత్రమే. బృందపు నిధియే దానికి చాలెను, ఎవరి యింటను చందా యడుగలేదు. నాలుగు తంతులును సమముగా పలికెను, రొదయు అణగెను. ఏడవ మెట్టునొద్ద నుండిన చిరు గరగర మాత్రము పోలేదు. అది మెట్టు దోషమేగాని పికప్ దోషము కాదు.

6. ఎంచుకొనుట, మార్చుట

క్రొత్త పికప్ కొనుటకు ముందు పాతదాని పొడవు వెడల్పులను, మరమేకుల రంధ్రముల స్థానములను కొలిచి వ్రాసికొనుడు. జాజ్ బేస్ తరగతి వాద్యములలో గుఱ్ఱము వైపు పికప్ రెండవదానికంటె కొంచెము పొడవుగా నుండుట కలదు. కొన్ని అనుకరణములలో రెండును సమానమే. కొలువక కొన్న పికప్ గుంటలో పట్టదు. బ్యాటరీతో పనిచేయు యాక్టివ్ పికప్‌లకు 9 వోల్టుల బ్యాటరీకి చోటును, వేరు విలువగల మరలును కావలెను. అభ్యాసకులు బ్యాటరీ యక్కరలేని సాధారణ రకమును గైకొనుట మేలు.

పనిచేయు క్రమ మిది. తంతులను వదులుచేసి తీయుడు. లోపలి తీగల యమరికను చేతిఫోనుతో ఛాయాచిత్రము తీయుడు, కాగితముపై చిత్రమును గూడ వ్రాసికొనుడు. క్రొత్త పికప్ నిరోధమును బిగింపకముందే కొలువుడు. రెండు ముక్కల పికప్‌కు మొత్తము సుమారు పది వేల ఓములు సామాన్యము. అంతులేని నిరోధము చూపెనేని తీగ తెగినదని యర్థము, వెంటనే తిరిగి యిచ్చివేయవలెను. పాత తీగలను టంకము కరిగించి విడదీసి, క్రొత్తవానిలో స్వరతీగను వాల్యూము మర చెవికిని, నేలతీగను మర వీపునకును టంకము వేయుడు. 25 మొదలు 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలును. టంకము మెరయుచు వ్యాపింపవలెను. మసకగా గడ్డకట్టినది నిలువదు.

తంతులు బిగింపకముందే కేబులు తగిలించి, వాల్యూము తగ్గించి, తిరుపుళి మొనతో ఒక్కొక్క అయస్కాంతమును మెల్లగా తాకుడు. ప్రతిచోటను టక్కుమని వినబడవలెను. రెండు పికప్‌ల వాద్యములో రెంటిని కలిపి వాయించినపుడు మంద్రము సన్నగిల్లినచో అవి పరస్పర విరుద్ధముగా నున్నవి. ఒకదాని రెండు తీగలను తారుమారు చేయవలెను. తుదకు తంతులు వేసి, ఎత్తు సరిచేసి, శ్రుతి చేయుడు.

7. జాగ్రత్తలు

బ్యాటరీ లేని సాధారణ గిటారులోని విద్యుత్తు అపాయకరము కాదు. కాని యాంప్లిఫయరునకు 230 వోల్టుల విద్యుత్తు వచ్చును. పనిచేయునపుడు కేబులును యాంప్లిఫయరు నుండి తీసివేయవలెను. యాంప్లిఫయరు పెట్టెను మీరు విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను లోపలి కెపాసిటరులలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

దీనికంటె ముఖ్యమైనది మఱియొకటి. గిటారు తంతులు కేబులు ద్వారా యాంప్లిఫయరు నేలతీగకు కలుపబడియున్నవి. రొద తగ్గునని ప్లగ్గు మూడవ ముల్లును తీసివేయుట ప్రాణాపాయకరము. యాంప్లిఫయరులో దోషము కలిగినపుడు తంతులను పట్టుకొని మైకును పెదవికి తాకించిన బాలునకు విద్యుదాఘాతము తగులును. పందిళ్లలో, తడినేలపై ఆరాధనలు జరుగునపుడు సంఘపెద్దలు నేలతీగ కలదో లేదో విద్యుత్పనివానిచే తప్పక పరీక్షింపజేయవలెను. రొదకు మందు మంచి కవచము, మంచి పికప్. మూడవ ముల్లు తీయుట కాదు.

టంకమునందు సీసము గలదేని పని ముగిసిన వెనుక చేతులు సబ్బుతో కడుగుకొనుడు. పొగ పీల్చకుండ కిటికీయొద్ద పనిచేయుడు.

ముగింపు

తల్లిదండ్రులకును ఒక మాట. మీ బిడ్డకు ఎక్కువ వెలగల వాద్యము కొనియీయలేకపోతిమని చింతింపకుడు. దండి తిన్ననిదై మెట్లు సరిగానున్న వాద్యము, వెల తక్కువైనను, కొలదికొలదిగా మేలైనదగును. అట్లు మేలుచేయుటలో బిడ్డ నేర్చుకొను విద్య వాద్యముకంటె విలువైనది. బాలురారా, బాలికలారా! తలాంతుల యుపమానమున ఎక్కువ పొందినవానినిగాక, పొందినదానిని భూమిలో దాచినవానినే యజమానుడు గద్దించెను. మీ చేతికి వచ్చిన వాద్యము చిన్నదైనను దాని నెఱిగి, సవరించి, దేవుని స్తుతికిని తోడివారి సంతోషమునకును వినియోగింపుడు.

అభ్యాసము

1. నైలాను తంతులకు అయస్కాంత పికప్ ఏల పలుకదు?
2. 50 ఆవృత్తముల రొదను టోను మరతో తీసివేయుట యేల సాధ్యము కాదు?
3. మొదటి, రెండవ తంతులు మాత్రమే బలహీనముగా పలుకుచున్నవి. మీరు వరుసగా ఏయే పరీక్షలు చేయుదురు? ఏల?
4. ఒక గిటారు నాలుగు తంతులును సమముగా బలహీనపడినవి. ఒకే చుట్ట చెడినదని చెప్పవచ్చునా?
5. మీ సంఘమందలి యాంప్లిఫయరు ప్లగ్గునకు మూడు ముల్లులు కలవేమో చూచి, పెద్దలకు తెలియజేయుడు.